మంచిర్యాలలో ఎర్రల వేట

ప్రయాణం కట్టేటప్పుడు మీరు సంచిలో ముందుగా ఏం సర్దుకుంటారు? పచ్చడి సీసా, పిల్లలకు చిరుతిళ్లు, రెండు మంచి చీరలు... అంతే కదా! మొన్న ఎండాకాలంలో నేను సికింద్రాబాద్ నుంచి మా చెల్లెలి ఊరు మంచిర్యాలకు బయల్దేరినప్పుడు నా సంచిలో అన్నిటికంటే అడుగున, ఐసు ముక్కల మధ్య, మూత బిగించిన స్టీలు డబ్బాలో ఏమున్నాయో తెలుసా? పురుగులు! గడ్డకట్టించిన ఎర్రటి పురుగులు!

'ఛీ, ఇదేం పిచ్చి' అని ముక్కు మీద వేలేసుకుంటున్నారా? కాస్త ఆగండి. మీ ఇంట్లోనూ హాల్లో ఓ మూల గాజు తొట్టి ఉండే ఉంటుంది. అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లో, గప్పీలో తిరుగుతుంటాయి. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు. వారం తిరిగేసరికి నీళ్లు మార్చే పని, తిండి వేసే పని మన నెత్తిన పడుతుంది. అవునా, కాదా? అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది. ఇందులో నా తప్పు కూడా ఉంది. ముందు అది చెప్పేస్తాను.

సంక్రాంతికి నేనిచ్చిన కానుక

మా చెల్లెలి ఇల్లు రాళ్లవాగుకు దగ్గర్లో, కాస్త లోతట్టున ఉంటుంది. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు వాగు ఎదురు తన్ని, మంచిర్యాలలో లోతట్టు కాలనీలు మునిగిపోయాయి. మాతా శిశు ఆసుపత్రిలోకి కూడా నీళ్లొస్తే బాలింతల్నీ పసిబిడ్డల్నీ వేరే చోటికి తరలించారు. చెల్లెలి వాళ్లు కట్టుబట్టలతో, సర్టిఫికెట్ల సంచితో పక్కింటివాళ్ల మేడ ఎక్కారు. చిన్నోడి చేపల తొట్టి మాత్రం కిందే ఉండిపోయింది.

నీళ్లు దిగాక వచ్చి చూస్తే తొట్టి నిండా ఒండ్రు మట్టి. చేపలు లేవు. అప్పుడు చిన్నోడికి ఐదేళ్లు. వాడు ఏడుపు అందుకోబోతుంటే వాడి నానమ్మ, "నీ చేపలు సావలే బిడ్డా, గోదాట్లకు పోయినయి" అంది. వాడు నమ్మాడు. ఇప్పటికీ గోదావరి వంతెన దాటేటప్పుడల్లా కిందికి తొంగిచూస్తాడట.

ఆ తర్వాత కొత్త తొట్టి వచ్చింది, నాలుగు గోల్డ్ ఫిష్‌లు వచ్చాయి. పోయిన సంక్రాంతికి నేను వెళ్తూ, ఏదైనా కొత్తది తీసుకెళ్దామని ఒక చేపల దుకాణానికి వెళ్లాను. "ఇవి వేయండి మేడమ్, రంగు తేలుతుంది, తొందరగా పెరుగుతాయి" అని దుకాణం అతను పాలిథిన్ కవరులో నీళ్లతో సహా ఎర్రటి ఉండ ఒకటి ఇచ్చాడు. వెంట్రుకంత సన్నని పురుగులు వందలకొద్దీ పెనవేసుకుని ఉన్నాయి. ట్యూబిఫెక్స్ అంటారట. అవి ఎక్కడివని నేను అడగలేదు. కడగాలా అనీ అడగలేదు. చిన్నోడు కేరింతలు కొడుతుంటే సగం కవరు తొట్టిలో ఒంపేశాను. చేపలు ఎగబడి తిన్నాయి. చూడ్డానికి ఎంత బాగుందో!

మర్నాటికి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. తినగా మిగిలినవి అడుగున గులకరాళ్ల సందుల్లోకి దూరి చచ్చి కుళ్లాయి. మూడు రోజుల్లో రెండు చేపలు చచ్చిపోయాయి. చిన్నోడు వాటిని పెరట్లో జామచెట్టు కింద పూడ్చిపెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తర్వాత ఫోన్లో, "పెద్దమ్మా, మళ్లొచ్చినప్పుడు నువ్వేం తేకు" అన్నాడు. ఆ మాట నాలుగు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదంటే నమ్మండి.

అందుకే ఈసారి బాగా తెలుసుకుని, బతికున్నవి కాకుండా గడ్డకట్టించినవి కొన్నాను. తేవద్దన్నా తీసుకెళ్లాను. పెద్దవాళ్లకు పట్టుదల ఎక్కువ కదా!

బొగ్గుల సీమకు దారి

మంచిర్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం. 2016 అక్టోబరు 11 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి దాటి రామగుండం వస్తుంది. అక్కడ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు కనబడ్డాయంటే సంచులు సర్దుకోవాలన్నమాట. కాసేపటికి రైలు చప్పుడు మారుతుంది. గోదావరి వంతెన! బోగీలో ఉన్న ఆడవాళ్లంతా కిటికీ వైపు జరిగి దణ్ణం పెట్టుకుంటారు. కొందరు చిల్లర పైసలు విసురుతారు. ఎండాకాలం కాబట్టి నది ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పారుతోంది. వంతెనకు ఇవతల పెద్దపల్లి జిల్లా, అవతల మంచిర్యాల జిల్లా. నది దాటగానే ఊరు.

స్టేషన్ బయటికొస్తే మే నెల ఎండ మొహం మీద కొట్టినట్టుంటుంది. ఇది సింగరేణి బొగ్గు గనుల సీమ. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి అన్నీ దగ్గర్లోనే. రోహిణి కార్తెలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆటోలో ఐబీ చౌరస్తా మీదుగా ఇంటికి వెళ్లేసరికి నా డబ్బాలో ఐసు ముప్పాతిక కరిగిపోయింది. పురుగుల బిళ్లలు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. 'హమ్మయ్య' అనుకున్నాను.

గుమ్మంలోకి రాగానే చిన్నోడు నా చేతిలో డబ్బా చూశాడు. చూసి, లోపలికి వెళ్లి తొట్టి ముందు నిలబడ్డాడు. కాపలాకి!

ఫ్రిజ్జులో ప్రసాదం, పక్కన పురుగులు

ఇంట్లో అసలు గొడవ అప్పుడు మొదలైంది. డబ్బా డీప్ ఫ్రీజరులో పెట్టబోతుంటే చెల్లెలి అత్తగారు అడ్డం వచ్చారు.

"గవేంది బిడ్డా?"

"చేపలకు తిండి అత్తమ్మా. పురుగులు."

"పురుగులా! ఫ్రిజ్జుల పెడ్తవా? అండ్ల గూడెం గుట్ట ప్రసాదమున్నది!"

లక్సెట్టిపేట దాటాక గూడెం గుట్ట మీద సత్యనారాయణ స్వామి ఉన్నాడు. మన అన్నవరంలాగా ఇక్కడివాళ్లకు అది పెద్ద క్షేత్రం. కొత్త జంటలు వ్రతం చేసుకునేది అక్కడే. ముందురోజే వాళ్లింట్లో వ్రతం చేయించుకొచ్చారట. పెద్దావిడ మాట తీసేయడానికి లేదు. మా చెల్లెలు మధ్యలో నలిగిపోయింది. చివరకు ప్రసాదం కింది అరలోకి మారింది. నా డబ్బాను రెండు కవర్లలో చుట్టి పైన పెట్టనిచ్చారు. "రేపటి వరకే" అన్నారావిడ.

రేపటి దాకా కూడా ఆగలేదు. ఆ రాత్రే గాలి దుమారం లేచింది. ఉరుములు, మెరుపులు, ఆపైన ధారగా వాన. ఎక్కడో చెట్టు తీగల మీద పడి కరెంటు పోయింది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి గానీ రాలేదు. ఫ్రీజరు తెరిస్తే ఏముంది, డబ్బాలో ఎర్రటి పులుసు! అదో రకం నీచు వాసన. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నావైపు చూసిన చూపు మీకు వర్ణించి చెప్పలేను.

"మళ్లీ గడ్డకట్టిద్దామా అక్కా? అంత డబ్బు పెట్టావు" అంది చెల్లెలు. వద్దన్నాను. మనం వండిన మాంసం రాత్రంతా బయట ఉంటే మళ్లీ ఫ్రిజ్జులో పెట్టి తింటామా? ఇదీ అంతే. ఒకసారి కరిగి గంటలు గడిస్తే అందులో క్రిములు పెరిగిపోతాయి. మళ్లీ గడ్డకట్టించినా అవి పోవు. అంతా తీసుకెళ్లి గుంట తీసి పూడ్చేశాం. ఫ్రిజ్జు సోడా ఉప్పు నీళ్లతో తుడిచింది నేనేనండోయ్!

ఇంతకీ ఈ పురుగులేమిటి?

మీకూ తెలిసి ఉంటే మంచిది. దుకాణాల్లో మనకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది నేను సంక్రాంతికి తెచ్చిన ట్యూబిఫెక్స్. ఇది వానపాముకు చుట్టం. మురుగు కాలువల్లో, బురదలో తల దూర్చి, తోక పైకి పెట్టి ఆడిస్తూ బతుకుతుంది. దాని ఒంట్లో మన రక్తంలో ఉండేలాంటి హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే ఎర్రగా ఉంటుంది, అందుకే గాలి ఆడని మురుగులో కూడా బతకగలుగుతుంది. చేపకు బలమైన తిండే. చిక్కంతా అది పెరిగిన చోటులోనే ఉంది. మురుగులోని క్రిములన్నీ దానితోపాటు మన తొట్టిలోకి వస్తాయి. చలి దేశాల్లో పెంచే ట్రౌట్ చేపలకు గిరగిరా తిరిగి చచ్చే జబ్బొకటి ఉంది. అది ఈ పురుగు కడుపులో పెరిగే క్రిమి వల్లనే వస్తుందని అమెరికా శాస్త్రవేత్తలు 1984లో తేల్చారు. మన గోల్డ్ ఫిష్‌కు ఆ జబ్బు భయం లేదు గానీ, పురుగు జబ్బును ఎలా మోస్తుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

రెండోది బ్లడ్ వార్మ్. పేరుకే పురుగు. నిజానికి ఇది దోమలా కనిపించే ఒక చిన్న ఈగ పిల్ల. ఆ ఈగ కుట్టదు. దీపం చుట్టూ మూగుతుంది చూడండి, అలాంటిది. ఇదీ నీటి అడుగు బురదలోనే పెరుగుతుంది. దీన్ని శుభ్రం చేసి చిన్న చిన్న బిళ్లలుగా గడ్డకట్టించి అమ్ముతారు. కొన్ని కంపెనీలు గామా కిరణాలతో శుద్ధి కూడా చేస్తాయి. బతికున్న వాటికంటే ఇవి క్షేమం. అయితే కంపెనీలో మొదలుపెట్టి మీ ఇంటిదాకా గడ్డ కరగకుండా రావాలి. కరెంటు నిలకడగా లేని చోట అది కుదరని పని. నాకు ఆ రాత్రే తెలిసొచ్చింది.

ఇంకో మాట. ఈ బ్లడ్ వార్మ్ కొందరి ఒంటికి పడదు. ముఖ్యంగా ఎండబెట్టి పొడిగా అమ్మేది చేత్తో తీస్తే దురద, తుమ్ములు, కళ్ల నీళ్లు, ఆయాసం కూడా రావచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే వాళ్ల చేత వేయించకండి. చెంచాతోనే తీయండి. పిల్లలు ఆ చేతులతో కళ్లు నలుపుకోకుండా చూడండి.

మోరి కాడియి వద్దు బిడ్డా!

ఆ ఉదయం అందరం ఉసూరుమంటూ కూర్చున్నాం. చిన్నోడు మాత్రం బింకంగానే ఉన్నాడు. నేను తెచ్చినవి పాడైపోయాయని వాడికి లోలోపల నిశ్చింతే అనుకుంటాను. అప్పుడు అత్తమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మూలనున్న చిన్న పార తీసుకున్నారు.

"గింతదానికి పట్నం నుంచి మోసుకరావాల్నా? రాత్రి వాన పడ్డది. ఎర్రలు పైకచ్చి ఉంటయి. దా బిడ్డా" అని మనవణ్ణి పిలిచారు.

ఆవిడ పుట్టిల్లు గోదావరి ఒడ్డున ఒక పల్లె. తండ్రి గాలం వేసేవాడట. ఎనిమిదేళ్లప్పటి నుంచి తండ్రికి ఎర్రలు తవ్విచ్చింది తనేనట. ఎర్రలంటే వానపాములేనండీ. చేపలకు ఎర కాబట్టి ఇక్కడ అందరూ అలాగే అంటారు. ఇన్నేళ్లలో ఆ సంగతి మా చెల్లెలికి కూడా తెలీదు. ఫ్రిజ్జులో పురుగులు పెడితే ఒప్పుకోని మనిషి మట్టిలో చేయి పెట్టి వాటిని వేళ్లతో తీస్తుంటే మేమిద్దరం గుడ్లప్పగించి చూశాం.

ఎక్కడ తవ్వాలో కూడా ఆవిడ లెక్క ఆవిడకుంది. చిన్నోడు పరుగెత్తి మురుగు కాలువ పక్కన కూర్చుంటే, "మోరి కాడియి వద్దు" అని లేపారు. బోళ్లు తోమే చోట సబ్బు నీళ్లు పడతాయి, అక్కడా వద్దన్నారు. గులాబీ మొక్కలకు పురుగుల మందు కొట్టారు, అక్కడ అసలే వద్దు. చివరికి అరటి చెట్ల కింద, కూరగాయల తొక్కలు పడేసే చోట, నల్లటి మెత్తటి మట్టిలో పార దించారు. రెండు పెళ్లలు తిరగేయగానే మెలికలు తిరుగుతూ బయటపడ్డాయి.

చిన్నోడు పెద్దది పట్టుకోబోయాడు. "పెద్దయి ఇడిసిపెట్టు. సన్నయి రెండే తీస్కో. మిగిలినయి మట్టిల కప్పు, చెట్టుకు పనికొస్తయి" అన్నారు. వాడు కాసేపు అరచేతిలో ఉన్న దాన్ని చూశాడు. "నానమ్మా, దీనికి నొస్తదా?" అని అడిగాడు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. "నొస్తది. గందుకే రెండే తీస్కొమ్మన్న" అన్నారు.

వాటిని వెంటనే వేయకూడదు. ఒంటి నిండా, కడుపు నిండా మట్టి ఉంటుంది. తడిపి పిండిన పాత నూలు గుడ్డలో వదులుగా చుట్టి, చిల్లులున్న డబ్బాలో నీడన ఒక రోజు ఉంచాలి. కడుపులో మట్టి అంతా కక్కేసుకుంటాయి. వాళ్ల నాన్న గాలానికైతే అలా ఆగేవాడు కాదట గానీ, తొట్టి చేపకు ఆగాల్సిందే. ఈ ముక్క మాత్రం నేను చెప్పాను. అత్తమ్మ ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో నా మాట నెగ్గింది అదొక్కటే!

వాగు ఒడ్డున ఎర్ర తివాచీ

ఆ సాయంత్రం చల్లబడ్డాక అందరం గోదావరికి బయల్దేరాం. 2015 పుష్కరాలప్పుడు జనంతో కిటకిటలాడిన ఘాట్లు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నాయి. మీరు ఈ వైపు వస్తే సాయంత్రం పూట తప్పకుండా ఇక్కడ కూర్చోండి. ఎగువన ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు కట్టాక ఎండాకాలంలో నీళ్లు ఎంత వదిలితే అంతే. అయినా ఇసుక మీదుగా వచ్చే గాలికి పగటి ఎండ అంతా మరిచిపోతాం. అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతుంటే కదలబుద్ధి కాదు.

తిరిగొచ్చేటప్పుడు రాళ్లవాగు పక్కగా నడిచాం. ఒకచోట కాలనీల మురుగు నీళ్లు సన్నగా వచ్చి కలుస్తున్నాయి. ఆ అంచున బురద మీద ఎర్రటి తివాచీ పరిచినట్టు కనబడింది. ఉన్ని దారాల్లా అటూ ఇటూ ఊగుతోంది. చిన్నోడు వంగి చూశాడు. వాడి నీడ పడగానే ఆ తివాచీ మొత్తం గభాలున బురదలోకి ముడుచుకుపోయింది. కాసేపటికి మళ్లీ మెల్లగా పైకొచ్చింది.

"పెద్దమ్మా, ఇదేనా నువ్వు తెచ్చింది?"

గొంతులో ఏదో అడ్డం పడింది. "ఇదేరా" అన్నాను.

అత్తమ్మ కూడా వంగి చూశారు. "అదేం తిని బతుకుతున్నదో సూస్తివా? గదే నీ చేప కడుపులకు పోయింది. పెద్దమ్మ ఎరుక లేక ఏసింది" అన్నారు.

ఆలోచించండి. మురుగు నీళ్ల మీద పెంచిన తోటకూర ఎంత నిగనిగలాడుతున్నా తెలిసి తెలిసి మనం కొంటామా? ఎక్కడి కూర, ఏ నీళ్లు పెట్టారని కూరలమ్మిని నాలుగు ప్రశ్నలు వేస్తాం. పాలవాణ్ణి నిలదీస్తాం. చేపల తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎర్రగా ఉంది, కదులుతోంది, చేపకు ఇష్టం అని కొనేస్తాం. నేను చేసింది అదే. పురుగు అసహ్యమైనది కాదు. అది పెరిగిన చోటు చూసుకోకపోవడమే తప్పు.

మీ తొట్టికి కొన్ని మాటలు

ఇంతదూరం చదివారు కాబట్టి మీకు పనికొచ్చేవి ఇక్కడ చెబుతాను.

గోల్డ్ ఫిష్‌కు పురుగులు పండగ భోజనం లాంటివి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. దానికి మనలాగా జీర్ణాశయం ఉండదు. ఒకేసారి ఎక్కువ వేస్తే పొట్ట ఉబ్బి తలకిందులుగా తేలుతుంది. మిగిలిన రోజుల్లో మామూలు గింజల తిండి, మధ్య మధ్య ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ, కాస్త పాలకూర వేయండి. ఫైటర్ చేప, ఏంజెల్ చేప మాత్రం పురుగులు ఇంకాస్త ఎక్కువ తినగలవు.

రెండు మూడు నిమిషాల్లో ఎంత తింటాయో అంతే వేయండి. మిగిలింది వెంటనే జాలితో తీసేయండి. కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పుట్టి చేప మొప్పలు కాలిపోతాయి. నీళ్లు తెల్లబడితే నాలుగో వంతు తీసి, ఒక రోజు బకెట్లో నిలవ ఉంచిన నీళ్లు పోయండి. కుళాయి నీళ్లు నేరుగా పోస్తే అందులో క్లోరిన్ చేపను చంపుతుంది.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం! అప్పుడు తిండి వేయకండి. కరెంటు లేక గాలి మోటారు ఆగిపోతే గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూ ఉండండి.

గడ్డకట్టించిన బిళ్ల తెస్తే ఫ్రీజరులో దానికంటూ మూత బిగుసుకునే డబ్బా పెట్టండి. కావాల్సినంత ముక్క విరిచి, కప్పులో తొట్టి నీళ్లు పోసి కరిగించి, ఆ రసం పారబోసి పురుగుల్నే వేయండి. దానికి వాడే జాలి, కప్పు, కత్తి వంటింట్లో కలపొద్దు.

బతికున్న ట్యూబిఫెక్స్ తప్పనిసరైతే వెడల్పాటి గిన్నెలో వేసి, సన్నటి ధార కింద ఒకటి రెండు రోజులు కడగాలి. పాలిపోయినవి, కదలనివి, వాసన వచ్చేవి పారేయాలి. ఇంత కడిగినా పూర్తిగా శుభ్రమవుతాయని నమ్మకం లేదు. అందుకే నేనైతే మానేశాను.

వానపాములు పెరట్లోవైతే మంచిది. వర్మీ కంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర చారల రకం మాత్రం ఒంట్లోంచి పసుపు పచ్చని వాసన ద్రవం వదులుతుంది. చాలా చేపలు దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి.

ఇక మన ఎయిర్ కూలర్! అందులో మెలికలు తిరిగే దోమ పిల్లలు కనబడితే టీ జాలితో వడగట్టి తొట్టిలో వేయొచ్చు. చేపలకు మహా ఇష్టం. చెరువుల్లో, బావుల్లో గంబూసియా చేపల్ని వదిలేది కూడా దోమ పిల్లల్ని తినడానికే కదా. అయితే కూలరులో మందు గానీ ఫినాయిల్ గానీ కలిపి ఉంటే వేయొద్దు. చేపల కోసమని దోమల్ని పెంచే పని అసలే పెట్టుకోకండి. వారం పది రోజుల్లో అవి రెక్కలొచ్చి మన పిల్లల్నే కుడతాయి. కూలరు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాల్సిందే.

మృగశిర నాడు

మర్నాడు పొద్దున్నే గుడ్డ విప్పి చూస్తే ఎర్రలు రెండూ శుభ్రంగా, గులాబి రంగులో ఉన్నాయి. అత్తమ్మ వాటిని కడిగి, పాత బ్లేడుతో గోరులో సగమంత ముక్కలు చేశారు. చిన్నోడు అటు తిరిగి నిలబడ్డాడు. ముక్కలు అయ్యాక ఇటు తిరిగాడు. ఒక్కొక్కటీ చెంచాతో వాడే వేశాడు. చేపలు రెండూ ఒక్క ఉదుటున వచ్చి అందుకున్నాయి. నేను దూరంగా వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు చూసి వచ్చాను. తేటగానే ఉన్నాయి.

నేనక్కడ ఇంకో వారం పైన ఉన్నాను. మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. వానలు మొదలయ్యే వేళకు ఒంటికి వేడి చేయాలని, ఉబ్బసం రాకుండా ఉంటుందని పెద్దల నమ్మకం. తెల్లారేసరికి మంచిర్యాల చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. రొయ్యలు, బొచ్చెలు, రవ్వులు, గోలేల్లో తోకలు కొడుతూ బతికున్న కొర్రమీనులు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కదా, ఆ రోజు దాని ధర అడగకండి! అత్తమ్మ బేరమాడి రెండు తెచ్చారు. చింతపండు పులుసు పెట్టి, దించేముందు మెంతిపొడి చల్లితే వీధి చివరిదాకా ఘుమఘుమలు.

చిన్నోడు తింటాడో లేదో అని మాకు అనుమానం. తిన్నాడు. కాకపోతే తొట్టికి వీపు పెట్టి కూర్చుని తిన్నాడు!

అన్నాలయ్యాక నేను సంచి సర్దుకుంటున్నాను. రాత్రి రైలుకు నా ప్రయాణం. వాడు పెరట్లోంచి వచ్చాడు. మోచేతుల దాకా మట్టి. వాడి వెనకాలే నానమ్మ. ముందురోజు తీసి గుడ్డలో పెట్టిన ఎర్ర అప్పటికే ముక్కలై చిన్న గిన్నెలో ఉంది. వాడు ఆ గిన్నె, చెంచా రెండూ నా ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, ఇయ్యాల నువ్వెయ్యి" అన్నాడు. "నాలుగే ముక్కలు. ఎక్కువెయ్యకు."

నాలుగే వేశాను.